మన సొంత ఫైళ్లు ఎప్పుడు కదులుతాయి?

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా కృష్ణదేవిపేటలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నెల కిందట మా ఇంటికి వచ్చి, "కరువు భత్యం గురించి, వైద్య ఖర్చుల గురించి మాట్లాడేవారు చాలామంది ఉన్నారు. మీరు మన బ్రతుకులకు పనికివచ్చే మాట ఏదైనా చెప్పండి" అన్నారు. ఆలోచించి, అనుకున్న మార్పును ఆచరణలో పెట్టడం ఎలా అన్న విషయం ఎంచుకున్నాను. నేను డాక్టరును కాను, పండితుణ్ణీ కాను. ముప్పై ఏడేళ్లు ప్రభుత్వ కార్యాలయాల్లో గుమాస్తాగా ఫైళ్ల మధ్య గడిపినవాణ్ణి. పని ఎందుకు ఆగుతుందో, ఎలా కదులుతుందో చూడడమే నా చదువు. ఆ అనుభవంతోనే నాలుగు మాటలు మనవి చేస్తాను.

డిసెంబరు 17న మనం ఎందుకు కలుస్తామో అందరికీ తెలుసు. 1982లో అదే రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు ఇచ్చింది. పెన్షను ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి చేసిన సేవకు దక్కే హక్కు అని తేల్చింది. అయితే ఒక సంగతి మనం అంతగా తలచుకోము. డి.ఎస్. నకారాగారు 1972లోనే పదవీ విరమణ చేశారు. 1979లో కేంద్ర ప్రభుత్వం పెన్షను లెక్క మార్చి, 1979 మార్చి 31న గాని, ఆ తరువాత గాని రిటైరయ్యేవారికే అది వర్తిస్తుందన్నప్పుడు ఆయన ఇంటికి చేరి ఏడేళ్లయింది. "ఈ వయసులో కోర్టులెందుకు, చూద్దాంలే" అని ఆయన ఊరుకోవచ్చు. ఊరుకోలేదు గనుక మనం ఈ రోజు పండుగ చేసుకుంటున్నాం. రిటైరైన తరువాత కూడా పని మొదలుపెట్టవచ్చునన్నదానికి మన పండుగే సాక్ష్యం.

ఇక మన సంగతి చూద్దాం. చుట్ట మానాలి. పొద్దున నడవాలి. కంటిలో శుక్లం తీయించుకోవాలి. వీలునామా రాయాలి. పి.పి.ఓ.లో భార్య పేరు, పుట్టిన తేదీ సరిగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. పదేళ్లుగా మాటల్లేని తమ్ముడింటికి ఒకసారి వెళ్లి రావాలి. ఈ జాబితాలో ఒక్కటైనా తనది కాని పెన్షనరు ఈ పందిట్లో ఉంటే చేయి ఎత్తమని అడుగుదామనుకున్నాను. అడగను, ఎవరి చేయీ లేవదు.

ఉద్యోగంలో ఉన్నంత కాలం మనకు ఒక ధీమా ఉండేది. "రిటైరయ్యాక తీరిక దొరుకుతుంది, అప్పుడు చేద్దాం" అనుకునేవాళ్లం. తీరిక వచ్చింది, పని మాత్రం కాలేదు. కారణం కనిపిస్తూనే ఉంది. ఉద్యోగంలో ఆదివారం వారానికి ఒకటే. అంచేత ఆదివారం చేయవలసిన పని ఆదివారమే చేసేవాళ్లం. ఇప్పుడు వారానికి ఏడు ఆదివారాలు. నేడు కాకపోతే రేపు, రేపు కాకపోతే ఎల్లుండి. తీరిక ఎక్కువైన చోట వాయిదా కూడా ఎక్కువే.

ఆఫీసు నేర్పిన పాఠం

మన ఆఫీసుల్లో పర్సనల్ రిజిస్టరు అని ఒకటి ఉండేది. ప్రతి గుమాస్తా తన సీటుకు వచ్చిన ప్రతి కాగితాన్నీ అందులో ఎక్కించాలి. వచ్చిన తేదీ, ఎవరి దగ్గర నుంచి వచ్చింది, ఏం చేశాం, ఎక్కడికి పంపాం, ఎప్పుడు ముగించాం, అన్నిటికీ గడులు ఉండేవి. పై అధికారి వరుసగా తనిఖీ చేసి, కదలని కాగితం ఎదుట ఎర్రసిరాతో గీత గీసేవారు. ఆ ఎర్రసిరా అంటే ఎంత భయమో ఇక్కడున్న పాతవారికి చెప్పనక్కరలేదు. దానితోపాటు కాల్ బుక్కు అని మరొకటి. ప్రస్తుతానికి ఏమీ చేయడానికి వీలులేని ఫైళ్లను, అంటే కోర్టులో ఉన్నవో, పై నుంచి ఉత్తర్వులు రావలసినవో, అనుమతి తీసుకుని అందులోకి మార్చేవారు. మంచి ఏర్పాటే. అయితే కాల్ బుక్కులోకి వెళ్లిన ఫైలు మన కంటికి కనిపించదు. కనిపించని ఫైలు గుర్తుకు రాదు.

మన మనసులో "రేపు" అన్నది అటువంటి కాల్ బుక్కే. అక్కడ వేసిన పనిని మానేశామని మనం అనుకోము, చేస్తామనే అనుకుంటాం. అందుకే తప్పు చేశామన్న బాధ కూడా కలగదు. వాయిదాలో ఉన్న ప్రమాదమంతా ఇదే.

ఆగిపోయిన ఫైలు చూసిన ప్రతివారూ గుమాస్తా బద్ధకస్తుడు అంటారు. నా అనుభవంలో బద్ధకం వల్ల ఆగిన ఫైళ్లు తక్కువ. మూడు కారణాల చేత ఆగేవి ఎక్కువ.

మొదటిది, తరువాత ఏం చేయాలో స్పష్టంగా లేకపోవడం. "తగు చర్య తీసుకొనవలెను" అని మాత్రమే రాసి ఉన్న కాగితం నెలలు కదలదు. "ఫలానా గ్రామ కరణంగారి నుంచి అడంగలు నకలు తెప్పించండి" అని రాసి ఉంటే ఆ సాయంత్రమే కదులుతుంది. ఇంట్లోనూ అంతే. "ఆరోగ్యం చూసుకోవాలి" అన్నది పని కాదు. "సోమవారం ఉదయం ఏమీ తినకుండా మొదటి బస్సుకు నర్సీపట్నం వెళ్లి రక్త పరీక్ష చేయించుకోవాలి" అన్నది పని.

రెండవది, ఫైలు లావు. అరచేతి మందం ఫైలు చూస్తే ఎంతటివారికైనా చేయి రాదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక హెడ్ గుమాస్తాగారు ఉండేవారు. లావు ఫైలు పట్టుకుని దిగాలుగా కూర్చున్న కుర్రవాళ్లను చూసి, "బాబూ, దీన్ని ఇవాళ ముగించమని ఎవరన్నారు? పేజీ నంబర్లు వేసి పెట్టు, చాలు" అనేవారు. నంబర్లు వేస్తూ వేస్తూ ఉంటే కళ్లు కాగితాల మీద పడేవి. సంగతి అర్థమయ్యేది. సాయంత్రానికి నోటు సగం రాసేవాళ్లం. ఆ తరువాత చదివిన వ్యక్తిత్వ వికాస పుస్తకాలన్నిటి కంటే ఆయన మాటే నాకు ఎక్కువ ఉపయోగపడింది. ఉత్సాహం వచ్చాక పని మొదలుపెడదామనుకుంటే ఉత్సాహం రాదు. పని మొదలుపెట్టినవాడి దగ్గరికే అది వస్తుంది.

మూడవది భయం. ఫైలు విప్పితే లోపల ఏ చిక్కు ఉందోనని విప్పకపోవడం. చక్కెర ఉందని తేలుతుందేమోనని పరీక్షకు వెళ్లనివారు, తమ్ముడు ముఖం చాటేస్తాడేమోనని గుమ్మం ఎక్కనివారు, వీలునామా అంటేనే చావు గుర్తుకు వచ్చి కలం పట్టనివారు ఈ కోవలోనివారు. వీరికి నేను చెప్పగలిగింది ఒకటే. విప్పినా విప్పకపోయినా లోపల ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. విప్పితే దానికి మందు వెతకడానికి వ్యవధి ఉంటుంది.

లైఫ్ సర్టిఫికెట్టు చెప్పే సంగతి

మనలో ఒకరున్నారు. శుక్లం ఆపరేషను మూడేళ్లుగా వాయిదా వేస్తున్నారు. ఎండలు తగ్గాలి, వానలు తగ్గాలి, మనవరాలి పెళ్లి కావాలి. అదే పెద్దమనిషి ఏటేటా లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వడానికి మాత్రం మొదటి రోజే బయలుదేరతారు. కన్ను సరిగా కనిపించకపోయినా సరే, మనవడి చేయి పట్టుకుని బస్సెక్కుతారు. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక వేలిముద్ర వేసి ఇచ్చే పద్ధతి కూడా నేర్చుకున్నారు.

మరి ఈయన బద్ధకస్తుడా, చురుకైనవాడా? రెండూ ఆయనే. తేడా మనిషిలో లేదు, ఏర్పాటులో ఉంది. లైఫ్ సర్టిఫికెట్టుకు గడువు ఉంది. ఇవ్వకపోతే పెన్షను ఆగుతుందన్న సంగతి ఖాయం. చేయవలసిన పని చిన్నది, స్పష్టమైనది. తోటివారు నలుగురూ వెళుతుంటారు, "ఇచ్చావా?" అని అడుగుతుంటారు. ఈ నాలుగూ ఉన్న పని దానంతట అదే జరిగిపోతుంది. శుక్లం ఆపరేషనుకు ఈ నాలుగూ లేవు. ఎవరూ గడువు పెట్టలేదు, ఎవరూ అడగరు. అంచేత "నాకు మనోబలం లేదు" అని కుంగిపోకండి. ఆ నాలుగు ఏర్పాట్లు మనకు మనమే చేసుకుంటే సరిపోతుంది.

దీక్షలో ఉన్న కిటుకు

ఏటా కార్తీక మాసం వచ్చేసరికి మన ఊళ్లలో అయ్యప్ప మాల వేసుకున్నవారు కనిపిస్తారు. గంటకొక చుట్ట కాల్చేవాడు నలభై ఒక్క రోజులు చుట్ట ముట్టడు. సాయంత్రం అయితే కాలు నిలవనివాడు కల్లుపాక వైపు చూడడు. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, నేల మీద పడక. భక్తి సంగతి భక్తులకు తెలుసు, దాన్ని గురించి మాట్లాడడానికి నేను తగను. ఏర్పాటు సంగతి మాత్రం గుమాస్తాగా చూస్తాను. మొదలుపెట్టే రోజు ఖాయం, ముగిసే రోజు ఖాయం. మెడలో మాల, ఒంటి మీద నల్లబట్ట క్షణక్షణం గుర్తుచేస్తూ ఉంటాయి. ఎదురైన ప్రతివాడూ "స్వామీ" అని పిలుస్తాడు. ఆ పిలుపు విన్నవాడికి చుట్ట వెలిగించడానికి చేయి రాదు. సాయంత్రం పాత స్నేహితుల మధ్య కాకుండా భజనలో కూర్చుంటాడు. దారి తెలిసిన గురుస్వామి ఒకరు ఉంటారు.

మాల తీసిన మర్నాడు కొందరు మళ్లీ చుట్ట వెలిగిస్తారు. అది చూసి నవ్వేవారున్నారు. నేను నవ్వను. నలభై ఒక్క రోజులు మానగలిగినవాడు మానలేనివాడు కాడని రుజువైంది కదా. మాలతోపాటు గుర్తుచేసే వస్తువు పోయింది, పిలుపు పోయింది, తోడు పోయింది. సాయంత్రం మళ్లీ పాత చోటే కూర్చున్నాడు. దీక్ష ముగిసే రోజుకల్లా తరువాతి నలభై ఒక్క రోజుల ఏర్పాటు సిద్ధం చేసుకున్నవాడు నిలబడతాడు.

అలవాటు కుదరడానికి ఎన్నాళ్లు పడుతుందని లండన్ యూనివర్సిటీ కాలేజీవారు తొంభై ఆరుగురి మీద పరిశీలన చేసి 2009లో ప్రకటించారు. సగటున 66 రోజులు పట్టింది. తేలిక పనులకు 18 రోజులలోనే కుదిరినవారున్నారు. మరికొందరికి 254 రోజులు పడుతుందని లెక్క తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన చెడిందేమీ లేదని కూడా చెప్పారు. ఈ చివరి మాట గట్టిగా పట్టుకోండి. మనలో చాలామంది ఒక రోజు తప్పగానే "నావల్ల కాదు" అని మొత్తం వదిలేస్తారు. మననే కదా ఆరంభశూరులన్నారు! ఒక తపాలా ఆలస్యమైందని ఆఫీసు మూసేయము. మర్నాడు వచ్చి సీట్లో కూర్చుంటాం. అలవాటూ అంతే.

అడిగేవారు ఉంటే

మన ఉత్తరాంధ్రలో అడ్డపొగ సంగతి మీకు తెలుసు. చుట్ట వెలుగుతున్న కొసను నోటి లోపల పెట్టుకుని కాల్చడం. శ్రీకాకుళం, విశాఖ తీరగ్రామాల్లో ముఖ్యంగా ఆడవారికి ఉండేది. దానివల్ల అంగిట్లో పుండు, కాన్సరు వస్తున్నాయని 1957లోనే వైద్యులు రాశారు. "అరవై ఏళ్ల ముసలమ్మ చేత చుట్ట మాన్పించడం బ్రహ్మకు కూడా తరం కాదు" అని మన ఊళ్లలో అనుకునేవారు.

ఆ తరువాత బొంబాయి టాటా పరిశోధనా సంస్థవారు కేరళలో ఎర్నాకుళం, గుజరాత్‌లో భావనగర్, మన శ్రీకాకుళం జిల్లాల పల్లెల్లో సుమారు 36 వేల మంది పొగాకు వాడేవారిని ఎంచుకుని పనిచేశారు. ఏటేటా ఇంటికి వెళ్లి నోరు పరీక్ష చేసేవారు. "తగ్గించారా అమ్మా? మానేశారా?" అని అడిగేవారు. నచ్చజెప్పేవారు. మళ్లీ ఏడాది మళ్లీ వెళ్లేవారు. అయిదేళ్ల ఫలితాలు 1986లో వైద్య పత్రికలో వచ్చాయి. ఈ విధంగా చెప్పని జట్టుతో పోల్చితే మానినవారు, తగ్గించినవారు బాగా ఎక్కువ. అందరూ మానలేదు. అయినా ఏళ్ల తరబడి పాతుకుపోయిన అలవాటు, పెద్దగా చదువులేని పల్లెల్లో, మాట సాయంతో కదిలింది. ఏడాదికొకసారి వచ్చి అడిగే మనిషి ఉంటేనే అంత మార్పు వస్తే, వారానికొకసారి అడిగే స్నేహితుడు ఉంటే ఎంత వస్తుందో ఆలోచించండి.

ఇది మన ఊరికి కొత్త కాదు. అల్లూరి సీతారామరాజుగారి సమాధి ఈ ఊళ్లోనే ఉంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న మన కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేశారని పిల్లలు కూడా చెబుతారు. అంతకు ముందు ఆయన ఏం చేశారో తక్కువమంది చెబుతారు. మన్యంలో తిరుగుతూ, మద్యం మానండి, తగవులకు కోర్టుల చుట్టూ తిరగకుండా పంచాయతీల్లో పరిష్కరించుకోండి అని చెప్పేవారు. దొరల దృష్టి ఆయన మీద పడడానికి ఆ ప్రచారం కూడా ఒక కారణం. తుపాకి పట్టకముందు ఆయన మొదలుపెట్టింది మనుషుల అలవాట్లతో. అది కూడా ఒక్కొక్కరికి విడివిడిగా బోధించి ఊరుకోలేదు, నలుగురినీ కూర్చోబెట్టి చెప్పారు.

డెబ్భై ఏళ్ల తరువాత నెల్లూరు జిల్లా దూబగుంటలో జరిగిందీ ఇటువంటిదే. ఏ ఇంటికి ఆ ఇల్లాలు భర్తను బతిమాలుకున్నంత కాలం సారా ఆగలేదు. అక్షరాస్యత తరగతిలో పాఠం చదువుకుని, 1992లో ఆడవారంతా కలిసి నిలబడేసరికి సారా కొట్టు మూతపడింది. ఆ ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో పోయింది. ప్రభుత్వం ఇచ్చిన నిషేధం ప్రభుత్వం తీసేయగలదు. తనకు తాను పెట్టుకున్న నియమం మాత్రం ఏ జీవో వచ్చినా పోదు.

గడువు మన చేతిలో లేదు

ఇప్పుడు కొంచెం కటువుగా మాట్లాడతాను, పెద్దలు మన్నించాలి. 1983 ఫిబ్రవరి గుర్తుందా? కొత్తగా వచ్చిన రామారావుగారి ప్రభుత్వం పదవీ విరమణ వయసు 58 నుంచి 55కు తగ్గించింది. ఉత్తర్వు వచ్చింది నెల రెండో వారంలో, ఇంటికి వెళ్లవలసింది నెలాఖరుకు. 18 వేల మందికి పైగా ప్రభుత్వోద్యోగులు ఆ ఒక్క దెబ్బతో ఇంటికి వెళ్లారు. తరువాత వయసు మళ్లీ 58కి వచ్చింది, అది వేరే కథ. ఆ రోజుల్లో నేను కుర్ర గుమాస్తాను. ఇంకా మూడేళ్ల సర్వీసుంది, అప్పటికి ఇల్లు పూర్తి చేద్దాం, అమ్మాయి పెళ్లి చేద్దాం, సర్వీసు పుస్తకం సరిచేయించుకుందాం అనుకున్నవారి ముఖాలు చూశాను. వారు చేసిన తప్పేమీ లేదు. గడువు తమ చేతిలో ఉందనుకున్నారు, అంతే. మన అసలు రిటైర్మెంటుకు ఆ పదిహేను ఇరవై రోజుల నోటీసు కూడా ఉండదు.

మన సభ్యులే ఒకాయన ఉండేవారు. పేరు చెప్పను. లెక్కల్లో గట్టివాడు. ఎవరికి పెన్షను కాగితాలు రాయాలన్నా ఆయనే. వారి సొంత కాగితాల్లో మాత్రం భార్య పేరు ఒకచోట ఒక విధంగా, ఆధార్ కార్డులో మరొక విధంగా ఉంది. ఆయనకు తెలుసు. "సంక్రాంతి వెళ్లనీండి" అన్నారు. "ఎండలు తగ్గనీండి" అన్నారు. ఒకనాటి రాత్రి గుండెనొప్పి వచ్చి పోయారు. ఆ తరువాత ఫ్యామిలీ పెన్షను మొదలు కావడానికి ఆవిడ పది నెలలు తిరిగారు. ఒక అక్షరం తేడా కోసం అఫిడవిట్లు, సాక్షులు, ఫొటోలు. ఆ పది నెలలూ కూతురింటి నుంచి వచ్చిన డబ్బుతో గడిపారు. చివరికి మంజూరైన రోజున ఆవిడ నాతో అన్నమాట ఇది. "డబ్బు సంగతి పోనీండి అన్నయ్యగారూ. ఆయనుండగా ఎవరినీ చేయి చాచి అడగలేదు. అడగాల్సి వచ్చిందే, అదొక్కటే బాధ." ఆయన వాయిదా వేసింది ఒక పూట పని. దాని ఖరీదు మరొకరు చెల్లించారు. మన వాయిదాలు చాలావరకు ఇటువంటివే. బిల్లు మన పేరున రాదు, ఇంట్లోవారి పేరున వస్తుంది.

ఆ సంగతి చూశాక మా ఇంట్లో ఒక ఏర్పాటు చేశాను. ప్రతి బుధవారం మా ఇంటావిడకు ఒక్క పని నేర్పడం. మొదటి బుధవారం పాస్‌బుక్కు ఎంట్రీ వేయించడం. రెండో బుధవారం డబ్బు తీసే ఫారం నింపడం. ఆ తరువాత ఎ.టి.ఎం., గ్యాసు బుకింగు, కరెంటు బిల్లు, పి.పి.ఓ. ఎక్కడుంది, ఎవరికి ఫోను చేయాలి. ఏడో వారానికి అన్నీ వచ్చేశాయి. ఎనిమిదో వారం ఆవిడ నా వైపు చూసి, "ఇన్నాళ్లూ మీరు బ్యాంకుకని వెళ్లి చేసింది ఇంతేనా?" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదుగాని, ఆ రాత్రి మాత్రం నిశ్చింతగా నిద్రపోయాను.

చేయవలసినవి

చెప్పినదంతా క్లుప్తంగా మళ్లీ చెబుతాను.

ఒకటి. ఇంటికి వెళ్లి ఒక నోటుపుస్తకం తీసుకుని మీ సొంత పర్సనల్ రిజిస్టరు తెరవండి. మనసులో పెండింగులో ఉన్నవన్నీ వరుస నంబర్లు వేసి రాయండి. కాగితం మీద పడితేనే కాల్ బుక్కులోంచి బయటికి వచ్చినట్టు.

రెండు. అందులో నిజంగా అక్కరలేనివి ముగించేయండి. చర్య అవసరం లేని కాగితాన్ని ఎల్.డిస్. అని రాసి మూసేసేవాళ్లం కదా. డెబ్భై అయిదేళ్ల వయసులో హార్మోనియం నేర్చుకోవాలన్న కోరిక నిజంగా ఉంటే నేర్చుకోండి, మంచిదే. లేకపోతే గీత కొట్టేయండి. సగం బరువు దిగుతుంది.

మూడు. మిగిలినవాటిలో ఒక్కటే తీసుకోండి. నడక, చుట్ట, పత్యం మూడూ ఒకే సోమవారం మొదలుపెట్టకండి. ఇంట్లోవారి మీద ప్రభావం పడే పని ముందు, మన సరదా పని తరువాత.

నాలుగు. దాన్ని ఒక పూటలో అయ్యే ముక్కగా చేసి, తేదీ రాయండి. రోజూ చేయవలసినదైతే, ఇప్పటికే ఉన్న అలవాటుకు ముడివేయండి. డాక్టరుగారు నన్ను నడవమన్నప్పుడు నేను గడియారం పెట్టుకోలేదు. పాలపాకెట్లు లోపల పెట్టగానే చెప్పులు వేసుకోవాలి, అదే నియమం. చెప్పులు వేసుకున్న కాళ్లు అల్లూరివారి సమాధి దాకా వెళ్లి తిరిగి వస్తున్నాయి. పాలు రాని రోజు లేదు గనుక నడక లేని రోజులూ తక్కువ.

అయిదు. ఒక మనిషికి చెప్పండి. మిమ్మల్ని చూసి నవ్వేవారికి కాదు, వారం వారం అడిగేవారికి. మనవలకు చెబితే ఇంకా మంచిది. వారు మొహమాటపడరు.

ఆరు. తప్పిన రోజున తిట్టుకోకండి. మర్నాడు మళ్లీ సీట్లో కూర్చోండి.

డాక్టరు సహాయం అవసరమైన చోట ఈ ఆరు సూత్రాలతో సరిపెట్టుకోవద్దని కూడా మనవి. బాగా తాగే అలవాటున్నవారు ఒక్కసారిగా మానితే ప్రాణం మీదికి రావచ్చు, వైద్యుణ్ణి అడిగి మానాలి. ఏ పని మీదా మనసు పోక, నిద్ర లేక, నెలల తరబడి మంచం దిగబుద్ధి కానివారిని బద్ధకస్తులనకండి. అది జబ్బు కావచ్చు. వారిని చేయి పట్టుకుని ఆసుపత్రికి తీసుకువెళ్లడమే మనం చేయగల సాయం.

ఇక నా వినతి. కార్యదర్శిగారి అనుమతితో ఈ సభలో అందరికీ ఒక్కొక్క చీటీ ఇస్తున్నాం. దాని మీద మూడే గడులు ఉన్నాయి. చేయవలసిన ఒక్క పని, తేదీ, అడగవలసిన మనిషి పేరు. ఇంటికి వెళ్లి రాద్దామని జేబులో పెట్టుకోవద్దు, కలాలు కూడా తెచ్చాం. భార్య, కొడుకు, కోడలు పక్కనే కూర్చుని ఉన్నారు, వారి ఎదుటే రాయండి. చీటీ మీ దగ్గరే ఉంచుకోండి, మాకు చూపనక్కరలేదు. వచ్చే నెల సమావేశంలో ఎవరినీ పేరు పెట్టి అడగము. "అయినవారు చేతులెత్తండి" అని మాత్రం అడుగుతాం.

ఏం రాయాలో తోచనివారికి ఒక సలహా. పి.పి.ఓ., ఆధారు కార్డు, బ్యాంకు పుస్తకం మూడూ ఒకచోట పెట్టి, మీ ఆవిడ పేరు మూడింటిలోనూ ఒకే విధంగా ఉందో లేదో చూడండి. పది నిమిషాల పని. ఈ రాత్రి భోజనానికి ముందే చేయండి. తేడా ఉంటే రేపు ఉదయం మా ఇంటికి రండి, దరఖాస్తు నేను రాసిపెడతాను. గుమాస్తా పని నాకు ఇంకా విసుగు పుట్టలేదు.

చీటీలు వస్తున్నాయి, కలాలు తీయండి. సెలవు.